అండమాన్‌లో ఐలయ్య మామ టోకెన్లు

నిన్న పొద్దున టీ తాగుతుంటే మణుగూరు నుంచి చెల్లి ఫోన్ చేసింది.

"అన్నా... ఐలయ్య మామ ఇగ లేడు."

నమ్మలేదు. మొన్ననే కదా వీడియో కాల్‌లో నా బొజ్జ చూసి పడీ పడీ నవ్వాడు!

నిద్రలోనే పోయాడట.

నిన్నంతా ఏడ్చాను. ఈ పోస్ట్ మాత్రం ఏడుస్తూ రాయను, మామకు నచ్చదు. మా అండమాన్ ట్రిప్ సంగతి చెబుతాను.

మామ మా అమ్మకు తమ్ముడు. సర్వీసంతా బొగ్గు గనిలో, భూమి లోపల. రిటైర్ అయ్యాక ఒకటే కోరిక, సరోజత్తకు సముద్రం చూపించాలని. అదీ చుట్టూ నీళ్లే ఉండాలట! సరేనని ఇంటిల్లిపాదీ ఫ్లైట్ ఎక్కి వెళ్లాం.

మొదటి ఫెర్రీ దగ్గరే మామ అందరినీ ఆపాడు. జేబులోంచి వాటర్ బాటిల్ మూతలు తీశాడు. ఒక్కో దాని మీద ఒక్కొక్కరి పేరు, మార్కర్‌తో.

"గివి టోకెన్లు. దీవిల తిరగబోయేటప్పుడు నాకియ్యాలె. మళ్ల బోటు ఎక్కంగ తీస్కోవాలె."

గనిలో అదే పద్ధతి. దిగేటప్పుడు టోకెన్ పైన ఇచ్చి, వచ్చాక తీసుకుంటారు. ఒకటి మిగిలిందంటే ఓ మనిషి ఇంకా కిందే ఉన్నట్టు.

"మామా, ఇది హాలిడే, షిఫ్ట్ కాదు" అని ఆటపట్టించాం. వింటేనా!

"మరి నీ టోకెన్ ఏది?"

"మీ అత్త దగ్గర."

దాని మీద పేరు కూడా లేదు. "నేను" అని రాసుకున్నాడు మహానుభావుడు.

ఆఖరి రోజు చిన్న దీవి నుంచి తిరుగు ఫెర్రీ. ఒకటే రద్దీ. అందరం ఎక్కేశామనుకున్నాం. బోటు వాళ్లు తాడు విప్పుతున్నారు.

మామ చేతిలో ఒక మూత మిగిలింది.

సరోజత్తది.

మామ గబుక్కున జెట్టీ మీదికి దూకి తాడు పట్టుకున్నాడు. వాళ్లు హిందీలో తిడుతున్నారు. ఈయన మూత చూపిస్తూ తెలుగులోనే అరుస్తున్నాడు.

"మా మనిషి ఇంక రాలే! బండి కదలొద్దు!"

అప్పుడొచ్చింది అత్త, మోకాళ్ల దాకా తడిసిన చీరతో, నవ్వుకుంటూ.

"ఇంకొక్క అల చూసి పోదామనుకుంటనే ఉన్న..."

మామ తిట్టలేదు. మూత ఆమె చేతిలో పెట్టి, "సముద్రం మంచిగున్నదా?" అని మాత్రం అడిగాడు.

దారంతా ఇద్దరూ డెక్ మీద చేతులు పట్టుకుని కూర్చున్నారు. అంత తృప్తిగా ఉన్న మామను నేనెప్పుడూ చూడలేదు.

ఇంటికొచ్చాక అందరం మా మూతలు మేం దాచుకున్నాం. తనది మాత్రం మామ తీసుకోలేదట. "నీ దగ్గర్నే ఉండనీ" అన్నాడట అత్తతో.

నిన్న సాయంత్రం నేను మణుగూరు చేరాక, మామను గోదావరి ఒడ్డుకు తీసుకెళ్లే ముందు అత్త బీరువా తెరిచింది. "నేను" అని రాసున్న మూత తెచ్చి, మామ అరచేతిలో పెట్టి, వేళ్లు మూసింది.

"డ్యూటీ అయిపోయింది. తీస్కొని పైలంగ పో."

పోయిరా మామా.

అందరం ఒడ్డుకొచ్చేశాం. నీ చేతిలో ఎవరి టోకెనూ మిగల్లేదు. ఇక నిశ్చింతగా పడుకో.