తోటికోడలి కంటే తక్కువ నంబరు

మాత్రలు మింగీ మింగీ కుట్టుమిషనక్క కిడ్నీలు పాడయ్యాయని కుళాయి దగ్గర ఒకటే గుసగుసలు. ఉత్తమాట. అది నమ్మి ఇప్పటికే ఇద్దరు షుగరు మాత్రలు మానేశారు కూడానూ! పాపం, మాత్రలేం చేశాయి? అసలు సంగతి వేరు.

అక్కకీ, ఆమె తోటికోడలికీ ఒకే ఏడాది షుగరు బయటపడింది. ఒకే ఇల్లు, ఎదురెదురు గదులు. తోటికోడలే చిన్నది, బడిలో ఆయా. మూడు నెలలకోసారి ఇద్దరూ సందు చివరి ల్యాబులో రక్తం ఇచ్చేవారు. మొదటిసారి చిన్నదానికి నూట పది, అక్కకి నూట తొంభై.

"చిన్నకోడల్ని చూసి నేర్చుకోవే," అంది అత్తగారు. ఆ మాట అక్క గుండెలో ముల్లై కూర్చుంది.

ఇక అప్పట్నుంచి పరీక్షకు ముందు రెండు రోజులు అన్నం ముట్టేది కాదు. కళ్ళు తిరుగుతున్నా మిషను తొక్కేది. నూట రెండు వచ్చింది. ఆ కాగితాన్ని చిన్నదాని గుమ్మం ముందు నిలబడి రెండుసార్లు పైకి చదివింది. మిగతా రోజులన్నీ ఏది పడితే అది తినేది. ఏళ్ళ తరబడి ఇదే వరస.

"అక్కా, ఏడాదికోసారి మూత్రం పరీక్ష కూడా చేయించాలట. నాకు ప్రోటీను కొద్దిగా పోతోందని మాత్ర మార్చారు, ఉప్పు తగ్గించమన్నారు," అని చిన్నది చెబితే, "నీకు పోతోంది కాబట్టి నీకు కావాలి. నాకెందుకే తల్లీ?" అని మూతి తిప్పుకుంది.

చిన్నదానికి అది అంతటితో ఆగింది. అక్కకేమో ముందు మూత్రంలో నురగ, ఆపైన పాదాల వాపు. చెప్పులు పట్టక వట్టికాళ్ళతో మిషను తొక్కింది. ఆకలి చచ్చింది. ఆయాసం మొదలయ్యాక పెద్దాసుపత్రికి చిన్నదే తీసుకెళ్ళింది. కిడ్నీలు పావు వంతే పనిచేస్తున్నాయన్నారు. పక్కన కూర్చున్న చిన్నదాని నున్నటి పాదాలు చూసేసరికి అక్కకి ఒళ్ళు మండిపోయింది.

డాక్టరు పాత కాగితాలన్నీ తిరగేశాడు. తిండి లేక ఇప్పుడూ షుగరు తక్కువే వచ్చింది. "ఇంత బాగుంటే కిడ్నీలెలా పోయాయమ్మా? ఇంకేదో జబ్బుండాలి. సూదితో కిడ్నీ ముక్క తీసి చూడాల్సిందే."

అక్క చేతిసంచి గట్టిగా పట్టుకుంది. నిజం చెబితే సూది తప్పొచ్చు. కానీ చెబితే చిన్నది వింటుంది!

చిన్నది ఆమెవైపు తిరిగింది. "అక్కా, పరీక్షల ముందు నువ్వు పస్తుండేదానివి. నేను చూస్తూనే ఉన్నాను. అవునా, కాదా?"

"అవునే. రెండేసి రోజులు కడుపు మాడ్చుకున్నాను. ఒక్కదాంట్లోనైనా నిన్ను మించాలని. రాసుకోండి డాక్టరుగారూ. దీన్ని మాత్రం కాసేపు బయట కూర్చోబెట్టండి, మిగతావి కూడా చెప్తాను."