నురగ రాని నీళ్ళు

మొన్న వేసవిలో రావులపాలెంలో మా ఆడపడుచుగారి మనవరాలి పెళ్ళికి వెళ్ళినప్పుడు, విడిదింటి మేడమీద గదిలో ఆడపిల్లలందరూ వరసగా కూర్చుని, కరెంటుతో వేడెక్కే పట్టకారులాంటి మిషనుతో ఒకరి జుట్టు ఒకరు సాపు చేసుకుంటున్నారు. పాయ తరవాత పాయ ఆ మిషను నోట్లోంచి సన్నని పొగతో, కాలిన వాసనతో బయటికి వస్తోంది. తన వంతు కోసం కాచుకున్న ఒక పిల్ల నా పక్కన చతికిలబడి, "ఏం రాసినా ఇంతేనండి అమ్మమ్మగారూ, దువ్వితే ఇంకా లేచిపోతుంది" అని దిగులుగా చెప్పుకుంది. ఆ పిల్ల జుట్టు చివరలు వేళ్ళ మధ్య పట్టుకుని చూశాను. గరుగ్గా, తేలిగ్గా, ప్రాణం లేనట్టుగా ఉన్నాయి. ఆ స్పర్శ నా వేళ్ళకి బాగా తెలిసినదే. పెళ్ళివారి హడావుడిలో ఆ పిల్లకి ఏమీ చెప్పలేకపోయాను గాని, తిరిగి వచ్చేటప్పుడు బస్సులో దారంతా మా అత్తగారే గుర్తుకు వచ్చారు.

నాది పుట్టుకతోనే రింగుల జుట్టు. మా నాన్నగారు ధవళేశ్వరంలో ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తాగా ఉండేవారు, మా ఇంటి కుళాయిలో వచ్చేవి గోదావరి నీళ్ళే. ఆ రోజుల్లో రింగుల జుట్టంటే ఎవరికీ ముచ్చట కాదు. పొగరు జుట్టనీ, పిచ్చిక గూడనీ బళ్ళో పిల్లలు ఏడిపిస్తే ఏడుస్తూ ఇంటికి వచ్చిన సందర్భాలు బోలెడు. అయితే మా అమ్మకి మాత్రం ఆ జుట్టు సంగతి తెలుసు. తలలో ఊరే జిడ్డు తిన్నని జుట్టులో జారినట్టు మెలికల్లో జారదనీ, చివరిదాకా చేరక కొసలు ఎండిపోతాయనీ, అందుకని నూనె ముందు చివళ్ళకి పెట్టి తరవాతే మాడుకి పెట్టాలనీ ఆవిడ నమ్మకం. పొడి జుట్టు మీద దువ్వెన పెట్టనిచ్చేది కాదు. తడి ఇంకా మిగిలి ఉండగానే, పెద్ద పళ్ళ దువ్వెనతో కింది నుంచి పైకి కొంచెం కొంచెంగా చిక్కు తీసేది. తలంటాక తువ్వాలుతో రుద్దితే కోప్పడేది, మెత్తబడిపోయిన నాన్నగారి పాత పంచె చుట్టి అలా వదిలెయ్యమనేది. ఇదంతా ఎక్కడ నేర్చుకుందో నేను అడగలేదు, తనకీ అదే జుట్టు గనక తన తల మీదే నేర్చుకుని ఉంటుంది.

తొంభైల మొదట్లో నన్ను సముద్రానికి దగ్గరగా, కాలువ చివరి భూములున్న ఊరికి ఇచ్చారు. అత్తవారింట అడుగు పెడుతూ నేను భయపడ్డది అత్తగారి నోటికి కాదు, ఆవిడ జుట్టుకి. ముడి విప్పితే మోకాళ్ళ కిందికి దిగే జుట్టు ఆవిడది. తిన్నగా, బరువుగా, నల్లగా నిగనిగలాడేది. మామగారు పోయాక ఆవిడ పూలు మానేశారు గాని జుట్టుని మానలేదు. శనివారం పొద్దున్నే నూతి దగ్గర కుంకుడుకాయలు కొట్టి, వేణ్ణీళ్ళలో పిసికి, ఆ నురగ గిన్నె పొంగిపోతుంటే ఒకరి తల ఒకరం రుద్దుకోవడం మా ఇద్దరికీ అలవాటైపోయింది. మొదటిసారి నా తల చేతుల్లోకి తీసుకున్నప్పుడు ఏమంటారోనని నేను బిగుసుకుపోతే, ఆవిడ నవ్వి, "దీనికి కోపం ఎక్కువే అమ్మాయ్, మనమే బతిమాలుకోవాలి" అన్నారు. కన్నతల్లి కాక ఇంకొకరు నా జుట్టు గురించి మంచి మాట అనడం అదే మొదలు. అత్తాకోడళ్ళం స్నేహితులమైంది ఆ నూతి పళ్ళెం మీదే అనుకుంటాను.

అప్పుడే ఆ ప్రాంతమంతా రొయ్యల చెరువులు రావడం మొదలైంది. మా మామగారి తమ్ముడు, అంటే మా చిన్నమామగారు, మా పెరటి గట్టుకి అవతల ఉన్న తన పొలం తవ్వించి, ఏరు సముద్రంలో కలిసే మొగ నుంచి ఉప్పునీళ్ళు మోటార్లతో తోడించి నింపారు. మొదటి పంట దిగగానే ఆయన పెంకుటిల్లు డాబా అయింది. చుట్టుపక్కల వాళ్ళకి అది చూసి ఆశ పుట్టింది. మా ఇంట్లో కూడా ఎవరూ అభ్యంతరం చెప్పలేదు, ఆయన పొలం ఆయన తవ్వుకుంటున్నాడు, మధ్యలో మనకేమిటి అనుకున్నాం.

ఏడాది తిరిగాక కాబోలు, ఒక శనివారం కుంకుడుకాయ ఎంత పిసికినా నురగ రాలేదు. పాత కాయలేమోనని అత్తగారు వేరే కొట్లోంచి తెప్పించారు, అవీ అంతే. తలంటుకుని ఆరాక చూస్తే జుట్టు మీద సన్నటి తెల్లని పొడిలాంటిది, చేత్తో రాస్తే గరగర. నా రింగులు ఒకదానితో ఒకటి పెనవేసుకుని గుత్తులు కట్టాయి. అప్పటికి మా అమ్మాయి పుట్టి కొన్ని నెలలైంది గనక నా జుట్టు ఊడటం బాలింతతనం వల్లనే అనుకున్నారు అందరూ. అత్తగారిది వయసు వల్ల అనుకున్నారు. మందారాకు నూరి పెట్టాం, మెంతులు నానబెట్టి రుబ్బి పెట్టాం, కొబ్బరిపాలు పట్టించి ఎండలో కూర్చున్నాం. కిళ్ళీకొట్టులో వేలాడే షాంపూ ప్యాకెట్లు కొని చూశాం, అవీ నురగ రాక జిగటగా మిగిలేవి. ఎన్ని పెట్టినా చివరికి కడిగేది ఆ నీళ్ళతోనే గదా, ఆ సంగతి మాకు తోచలేదు. తాగే నీళ్ళు ఊరందరిలాగే మొదటినుంచీ మంచినీళ్ళ చెరువు నుంచి బిందెలతో తెచ్చుకునేవాళ్ళం, నూతి నీళ్ళు నోట్లో పోసుకునే పనే ఉండేది కాదు.

నాన్నగారికి ఒంట్లో బాగుండకపోతే చూడ్డానికని పిల్లనెత్తుకుని ధవళేశ్వరం వెళ్ళాను. మా అమ్మ నా తల చూసి నోరు నొక్కుకుంది. నేను వెంట తీసుకెళ్ళిన కుంకుడుకాయలే పిసికి నాకు తలంటితే, నురగ మోచేతుల దాకా పొంగింది. నేను ఆ నురగ వంక చూస్తూ పీట మీద కూర్చుండిపోయాను. అక్కడున్నన్నాళ్ళూ నా జుట్టు రోజురోజుకీ మెత్తబడుతుంటే సంతోషించాల్సింది పోయి, తిరిగి వెళ్ళాలని తలుచుకున్నప్పుడల్లా నాకు దిగులేసేది.

తిరిగి వెళ్ళిన రోజునే, లోపం మన నూతి నీళ్ళలోనే ఉందని అత్తగారికి చెప్పాను. ఆవిడ నూతి దగ్గరికి నడిచి, చేద వేసి తోడి, దోసిట్లో పోసుకుని తాగారు. వెంటనే ఉమ్మేశారు. ఆ నుయ్యి మా మామగారు తవ్వించినది. తవ్విన కొత్తలో ఆ నీళ్ళు కలకండలా ఉండేవని ఊళ్ళో చెప్పుకునేవారట. ఆవిడ తడి చేతులు చీరకి తుడుచుకుని అలాగే చిన్నమామగారింటికి బయల్దేరారు, వెనకాలే నేనూ వెళ్ళాను.

"మరిదిగారూ, మా నుయ్యి ఉప్పయిపోయింది. చెరువు గట్టు మా పెరటివైపు నుంచి కాస్త వెనక్కి జరిపించండి" అని అడిగారు ఆవిడ. మరిదిని ఏదైనా అడగడం ఆవిడకి అదే మొదటిసారని నాకు తెలుసు.

ఆయన చెడ్డవాడు కాదు. కుర్చీ వేయించి, మజ్జిగ తెప్పించి, మెల్లిగా అన్నారు: "వదినగారూ, ఇప్పుడు ఊరు చుట్టూ చెరువులేనండి. నేనొక్కణ్ణి జరిపితే ఉప్పు ఆగుతుందేంటి? తలకి నీళ్ళంటారా, మా బోరు నీళ్ళు పంపిస్తాను."

ఆయన పంపిన బోరు నీళ్ళు తీరా చూస్తే మా నూతి కంటే ఉప్పగా ఉన్నాయి, ఆయనకీ తెలియదు పాపం.

ఆ తరవాత వానాకాలం ఒక్కటే మాకు పండగయింది. చూరు కింద గంగాళాలూ గోలేలూ పెట్టి వాన నీళ్ళు పట్టేవాళ్ళం, ఆ నీళ్ళతో తలంటుకుంటే జుట్టు మళ్ళీ పాత జుట్టులా జారేది, అత్తగారు పిల్ల తల వాసన చూసి మురిసిపోయేవారు. వానలు వెనకబడితే మళ్ళీ పీచే. మంచినీళ్ళ చెరువు నుంచి తెచ్చిన బిందెలోంచి ఒక చెంబుడు ఆఖరిసారి తల మీద పోసుకుందామంటే, ఎండలో అంత దూరం నుంచి మోసుకొచ్చిన తాగే నీళ్ళు జుట్టుకి పోయడానికి మనసొప్పేది కాదు. మా అమ్మాయికి నా రింగులే వచ్చాయి. మా అమ్మ నేర్పిన పద్ధతులన్నీ ఆ చిన్న తల మీద చేశాను, ఒక్కటీ పనిచెయ్యలేదు. దువ్వెన తియ్యగానే అది మంచం కింద దూరి ఏడ్చేది. ముక్కలై రాలిన వెంట్రుకలు దువ్వెన పళ్ళలోంచి తీస్తూ నేనూ ఏడ్చేదాన్ని.

జుట్టుకి వచ్చిందే చేలకీ వచ్చింది. మా వరి మొదట అంచుల్లో ఎర్రబడింది, తరవాతి సార్వాకి మధ్యలోకి పాకింది. కొబ్బరిచెట్ల పిందెలు రాలిపోయాయి. మావారు రెండు పంటలు ఓపిక పట్టి, ఇక గింజ ఇంటికి రాదని తేలాక, ఆ పొలం కూడా చెరువుకి కౌలుకిచ్చేశారు. ఆ మాట తల్లికి చెప్పలేక నన్ను చెప్పమన్నారు. నేను చెప్పినప్పుడు ఆవిడ చేటలో బియ్యం ఏరుకుంటూ, తలెత్తకుండానే "సరే, వాడు మాత్రం ఏం చేస్తాడు" అన్నారు.

కొన్ని రోజులకి, ఒక మధ్యాహ్నం వీధరుగు మీద కూర్చుని ఆవిడ ముడి విప్పారు. మోకాళ్ళు దాటిన జుట్టు అప్పటికి నడుము దగ్గర తెగి, మాసిన జనపనారలా ఉంది. చిక్కు తీద్దామని నేను దువ్వెనతో వెళితే వద్దని చెయ్యి ఊపారు.

"కత్తెర పట్రా అమ్మాయ్."

"ఎందుకండీ అత్తయ్యగారూ?"

"మెడ దాకా తీసెయ్. బతిమాలీ బతిమాలీ విసుగొచ్చింది."

నా వల్ల కాదన్నాను. ఆవిడ కత్తెర తనే తెచ్చుకుని నా చేతికిచ్చి, నాకు వీపు పెట్టి కూర్చున్నారు. కత్తెర వేస్తుంటే ఎండు గడ్డి కోసిన చప్పుడైంది. నేను ఏడుస్తున్నానని తెలిసి, ఆవిడ వెనక్కి చూడకుండా నా మోకాలి మీద చెయ్యి వేసి తడుతూ ఉన్నారు. మర్నాటి నుంచి తల మీద కొంగు తీయలేదు. శనివారాలు నూతి దగ్గరికి రావడం మానేశారు, కుంకుడుకాయల డబ్బా ఎవరికో ఇచ్చేశారు.

రొయ్యలకి తెల్లమచ్చ తెగులు వచ్చి ఒక్కొక్క చెరువూ పాడుపడింది. చిన్నమామగారు డాబా అమ్ముకుని కొడుకు దగ్గరికి వెళ్ళిపోయారు. చెరువులు ఎండాయి గాని, నేలలో దిగిన ఉప్పు మాత్రం పోలేదు. అత్తగారు పోయాక పిల్ల చదువు కోసమని మేము రాజమండ్రి వచ్చేశాం. ఇక్కడి కుళాయి నీళ్ళకి మా అమ్మాయి రింగులు ఏడాదిలో తేరుకుని మెరిశాయి. అందరూ బాగుందంటుంటే నాకు ఆనందం కంటే దుఃఖమే ఎక్కువ కలిగింది. ఈ నీళ్ళు ఆవిడ తలకి ఒక్క వారమైనా అందించి ఉంటే అని ఇప్పటికీ అనుకుంటాను.

కిందటేడు ఏదో సంతకం పనిమీద ఆ ఊరు వెళ్ళాను. తాగడానికి ఇప్పుడు ప్లాంటు నీళ్ళ డబ్బాలు వస్తున్నాయి, ఒంటికి మాత్రం అవే ఉప్పునీళ్ళు. మా పాత ఇంటి పక్కింటి కోడలు తన పిల్లకి జడ వేస్తూ, ఎర్రబారి నిక్కబొడుచుకున్న ఆ జుట్టుని రెండు చేతులా అణిచిపెడుతోంది. నేను చూస్తున్నానని సిగ్గుపడి, "మా ఊళ్ళో జుట్లు పుట్టుకతోనే ఇంతండీ" అంది. కాదమ్మా, ఈ ఊళ్ళోనే మోకాళ్ళు దాటిన జుట్టుండేదని చెప్పాను. ఆ అమ్మాయి మర్యాదగా నవ్వి తలూపింది గాని, నమ్మలేదని నాకు తెలుస్తూనే ఉంది. నా మాట నిజమని చెప్పడానికి ఆ వీధిలో పాతవాళ్ళు ఎవరైనా ఉన్నారేమోనని అటూ ఇటూ చూశాను. ఎవరూ లేరు.