చేస్తే, చేస్తేనే

దర్జీ దుకాణంలో గుడ్డ కోసే బల్ల దగ్గర సగం జీవితం గడిపిన ఆ ఇల్లాలిని వీధివారందరూ కత్తెరమ్మ అనే పిలిచేవారు. చేతిలోని కత్తెర కంటె నోటిలోని కత్తెరే ఆ పేరుకు కారణమని గిట్టనివారు చెప్పుకొనేవారు. పెళ్ళితో ఆగిపోయిన చదువును నడివయసులో తిరిగి అందుకోవాలని ఆమె సాయంకాలపు కళాశాలలో చేరి, తర్కశాస్త్రాన్ని ఎంచుకొన్నప్పుడు భర్త తల పట్టుకొన్నాడు.

"ఇప్పటికే నీతో వాదించలేక చస్తున్నాను. దానికి మళ్ళీ కాలేజీ కూడానా?"

"నా వాదనే సరైనదని సర్టిఫికెట్టు తెచ్చి గోడకి తగిలిస్తా, ఉండండి!"

ఆ ధీమాకు ఒక ఆధారం ఉన్నది. కిందటి ఏడు దుకాణంలో ఒక వకీలు నల్లకోటు ఇస్త్రీపెట్టె కింద మాడిపోయింది. ఎవరు మాడ్చారో చూసినవారు లేరు. కుట్టుపని చేసే తోడికోడలిని, అనగా మరిది భార్యను, కత్తెరమ్మ బట్టలు కుట్టించుకొనవచ్చిన వారందరి ఎదుట నిలబెట్టి, "నా కళ్ళలోకి చూసి చెప్పవే" అన్నది. ఆ అమ్మాయి నోరు విప్పలేక ఏడ్చింది. "తప్పు చేస్తే ఏడుస్తారు. ఏడ్చింది. ఇంకేం కావాలి?" అని కత్తెరమ్మ తీర్పు చెప్పింది. మరునాటి నుండి ఆ అమ్మాయి దుకాణం గడప తొక్కలేదు. పక్క సందులో గది తీసుకొని, అక్కడే మిషను పెట్టుకొన్నది. రెండిళ్ళ మధ్య మాటలు ఆగిపోయినా, నేరాన్ని తెలివిగా పట్టుకొన్నానన్న తృప్తి మాత్రం కత్తెరమ్మకు మిగిలింది.

ఒకనాడు తర్కం చెప్పే మాస్టారు నల్లబల్ల మీద ఇట్లు వ్రాశాడు: "వాన పడితే రోడ్డు తడుస్తుంది. రోడ్డు తడిసింది. కాబట్టి వాన పడింది." ఇది సరియేనా అని అడిగాడు.

"సరైనదే కదండీ!" అన్నది ముందు వరుసలోని కత్తెరమ్మ.

"నీళ్ళ ట్యాంకరు కారినా తడుస్తుంది కదాంటీ!" అన్నాడు వెనుక నుండి ఒక కుర్రవాడు. తరగతి నవ్వింది.

ఓటమి ఒప్పుకొనడం ఆమె జాతకంలో లేదు. "రోడ్డు సంగతి వదిలెయ్యండి మాస్టారూ, మనుషుల సంగతి చెప్తాను" అని లేచి నిలబడి, నల్లకోటు వృత్తాంతమంతా మెరుగులు పెట్టి వినిపించింది.

మాస్టారు కాసేపు సుద్దముక్కను వేళ్ళ మధ్య త్రిప్పాడు. "అమ్మా, తప్పు చేస్తే ఏడుస్తారు అన్నారు. మీరు తీర్పు చెప్పింది మాత్రం తప్పు చేస్తేనే ఏడుస్తారని. మధ్యలో ఒక 'నే' వచ్చి చేరింది. అదెక్కడిది?"

కత్తెరమ్మ నల్లబల్ల మీది వాక్యాలను మళ్ళీ చదివింది.

"అంతమంది ముందు నిలబెడితే నేనైనా ఏడుస్తానాంటీ" అన్నది ప్రక్కనున్న అమ్మాయి, మెల్లగా.

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆ నవ్వకపోవడమే ఆమెకు చెంపపెట్టు అయింది. ఆమె కూర్చొన్నది. తన కూతురి ఈడువారందరూ తనలో ఏమి చూశారో తలచుకొన్నకొద్దీ, తల ఎత్తడానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

మరునాడు దుకాణం తెరవకముందే ఆమె పక్క సందుకు వెళ్ళింది. తోడికోడలు మిషను ఆపి, తలుపు వైపు చూసింది.

"ఏంటక్కా, దారి తప్పావా?"

"తప్పింది దారి కాదే, నేనే. ఏడ్చినంత మాత్రాన కోటు నువ్వే మాడ్చావనడం అన్యాయం. కాలేజీలో తెలిసింది."

"అది తెలియడానికి కాలేజీ దాకా వెళ్ళాలా?" అని, ఆ అమ్మాయి దారాన్ని పంటితో తెంపింది. "కోటు మాడ్చింది నేనే."

"చూశావా! నేను చెప్పలా?"

ఆ మాట కత్తెరమ్మ అనుమతి లేకుండానే బయటపడింది. క్షమాపణ కోరడానికి వంచిన నడుము అప్పుడే నిటారుగా నిలిచిన సంగతి ఆమెకే తెలిసివచ్చింది. తరగతిలో పడిన సిగ్గు దీనిముందు ఏపాటిది? అక్కడ తన తెలివితక్కువతనం బయటపడింది. ఇక్కడ తన మనసే బయటపడింది.

"చెప్పావు" అన్నది తోడికోడలు, నిబ్బరంగా. "వచ్చినవాళ్ళు వెళ్ళాక నీతో నేనే చెబుదామనుకున్నా. నేను ఏడ్చింది కోటుకి కాదక్కా. నన్ను చెల్లీ చెల్లీ అనేదానివి, వాళ్ళ ముందు ఎవరో దొంగని చూసినట్టు చూశావు."

కత్తెరమ్మ నేలమీది గుడ్డపీలికను ఒకటి తీసి మిషను మీద పెట్టింది. మళ్ళీ దుకాణానికి రమ్మనే మాట ఆమె గొంతు వరకు వచ్చింది.

దానిని ఆ అమ్మాయి కత్తెరమ్మ ముఖంలోనే చదివింది. "రమ్మని మాత్రం అడక్కక్కా. నువ్వడిగితే కాదనలేను. నాకు రావాలని లేదు."

కత్తెరమ్మ అడగలేదు. తల వంచుకొని గడప దాటింది. చివరిమాట తనది కాకుండా ఒక గదిలోనుండి బయటికి రావడం ఆమెకు అదే మొదటిసారి.