గంగులు తిప్పిన వంపు

నాకు అక్షరం ముక్క రాదు. నేను చెబుతుంటే మా బడి పంతులమ్మ ఫోనులో రాసి నలుగురికీ పంపుతోంది.

ఈ రోజు పొద్దున్న నీళ్ళ ఇంజినీరు మా కొండకు వచ్చాడు. ఊట నుంచి ఊళ్ళోకి వెదురు బొంగుల్లో నీళ్ళు తెచ్చినవాడు నా చిన్ననాటి నేస్తం గంగులు. బడి మొహం చూడనివాడు. ఒక్కో బొంగు వేసేముందు నేలకు చెవి ఆనించి గంటలకొద్దీ పడుకునేవాడు. ఊరంతా పిచ్చోడనేది. ముప్పై ఏళ్ళు నేను వాడికి బొంగులు పట్టుకున్నాను, అంబలి మోశాను. పోయిన వానాకాలంలో జ్వరమొచ్చి పోయాడు.

బొంగులు తీసి ప్లాస్టిక్ పైపు వేస్తానన్నాడు ఇంజినీరు. వేసుకోమన్నాను. కానీ పనసచెట్టు దగ్గర గంగులు అనవసరంగా చుట్టు తిప్పాడట, తాను సూటిగా తవ్వుతాడట! వెళ్ళి ఆ వంపుకు అడ్డంగా కూర్చున్నాను.

"లే మామ్మా. ఈ వంపెందుకో చెప్పు, ఉంచేస్తాను" అన్నాడు.

"నాకేటి తెలుసు? తియ్యడానికి మాత్రం ఈల్లేదు."

"తెలియకుండానే అడ్డం కూర్చున్నావా?"

"తెలీకుండానే ముప్పయ్యేళ్ళు బొంగు పట్టుకున్నాను బాబూ. నీళ్ళొచ్చాయా, లేదా?"

నవ్వి, రేపు మళ్ళీ వస్తానని వెళ్ళిపోయాడు.

గంగులు చెప్పకపోలేదు. "అప్పా, ఇక్కడ నేల ఏటంటందంటే..." అని ఉత్సాహంగా మొదలెట్టేవాడు. "ముందు అంబలి తాగరా, నాకు పనుంది" అనేదాన్ని. వాడు తాగేవాడు.

సాయంత్రం నుంచి ఆ వంపు దగ్గరే చెవి ఆనించి చూశాను. నాకేమీ వినబడలేదు. కొండ నీళ్ళ సంగతి తెలిసినవాళ్ళెవరైనా ఉంటే రేపు పొద్దుటిలోగా చెప్పండి. ఈసారి మధ్యలో ఆపను.