తొక్తోగుల్ దారిలో బురుల్చా భోజనం

కోచ్కోర్ బస్టాండు పక్క భోజనశాలలో బురుల్చా ఇరవయ్యారేళ్లుగా బేష్‌బర్మాక్ వండుతోంది. పిండి తనే పిసికి, పలచగా ఒత్తి, దారాల్లా సేమ్యా తరుగుతుంది. ఉడికిన గొర్రె మాంసాన్ని సన్నగా కోసి అందులో కలిపి, పైన ఉల్లిపాయ రసం పోస్తుంది. ఆ ఊళ్లో ఆమె వంటకు వంక పెట్టినవాడు లేడు. ఆమె మాత్రం ఇన్నేళ్లలో ఇంకొకరి భోజనశాలలో కూర్చుని తిన్నది లేదు.

నిరుడు శరత్కాలంలో మనవడి ఉయ్యాల పండక్కి మొగుడూ పెళ్లాలు ఓష్‌కు బయలుదేరారు. కనుమ దిగి తొక్తోగుల్ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. భర్త షేయ్‌షెన్ రోడ్డు పక్క భోజనశాల ముందు కారాపాడు.

"సంచిలో రొట్టె, మాంసం ఉన్నాయిగా?" అంది బురుల్చా.

"ఉంటే ఉండనీ. దిగు. ఒక్కపూట నీకూ ఎవరో ఒకరు వడ్డించనీ."

తివాసీ పరిచిన అరుగు మీద కూర్చున్నారు. వంటావిడ జూరాకానే వచ్చి చేతులకు నీళ్లు పోసింది. అక్కడి మర్యాద ప్రకారం గిన్నెలో సగానికే టీ పోసి అందించింది. తర్వాత బేష్‌బర్మాక్ పళ్లెం తెచ్చింది. బురుల్చా సేమ్యాను వేళ్లతో ఎత్తి చూసింది.

"లావు. మా ఊళ్లో ఇలా తరిగితే వెనక్కి పంపేస్తారు" అంది మెల్లగా.

నోట్లో పెట్టుకున్నాక చెయ్యి ఆపకుండా తినసాగింది.

"ఏం, ఇంకో వంక దొరకలేదా?" అన్నాడు షేయ్‌షెన్.

"పలకరించకు. తింటున్నా."

పళ్లెం ఖాళీ అయ్యాక ఆమెకు మనసులో చురుక్కుమంది. అయినా దాచుకోలేదు. "చెల్లీ, నీ ఉల్లిపాయ రసం నాదానికంటే బాగుంది" అంది.

"మీరూ వండుతారా అక్కా?"

"కోచ్కోర్‌లో వండుతా. బాగా వచ్చనే అనుకున్నా, ఇందాకటిదాకా."

జూరాకాన్ పకపకా నవ్వింది. "ఉల్లిపాయల్ని ముందు గొర్రె తోకకొవ్వులో మగ్గించండి. ఈ కిటుకు మా అత్త నాకు మూడేళ్లకు గానీ చెప్పలేదు."

"మరి నాకు అడక్కుండానే చెప్పేశావే?"

"మీ ఊరు దూరం కదా!"

ఓష్ నుంచి తిరిగొచ్చిన మర్నాడే బురుల్చా అలాగే చేసింది. రోజూ వచ్చే లారీ డ్రైవరు జుమగాజీ రెండు ముద్దలు తిని తలెత్తాడు.

"ఒంట్లో బాగాలేదా అక్కా? రసం మారింది."

"మారడం కాదురా, మెరుగైంది."

"మెరుగైతే అయిందిలే. మాకు పాతదే పోయక్కా."

వారం తిరక్కుండా ఇంకో నలుగురు అదే మాట అన్నారు. ఆమె పాత పద్ధతికే వచ్చేసింది. ఇంట్లో తమ ఇద్దరికీ వండుకునే రోజు మాత్రం ఉల్లిపాయల్ని కొవ్వులో మగ్గిస్తుంది. షేయ్‌షెన్ ఇంకో గరిటె పోయమంటాడు.