చేతికి కుదిరిన పిడి

ఆఫీసులో ఒక స్నేహితురాలు సరదాగా పిస్టల్ క్లబ్బుకి తీసుకెళ్ళింది. ఆ తర్వాత తను మానేసింది, నేను మానలేకపోయాను. రోజంతా స్క్రీన్ ముందు పది పనుల మధ్య కొట్టుకునే నా బుర్ర, అక్కడ కాగితం మీది నల్లటి గుండ్రం దగ్గర కాసేపు ఆగేది.

చెయ్యి మాత్రం ఆగేది కాదు. క్లబ్బు పిస్టళ్ళన్నీ పెద్ద చేతులకి చేసినవి. ట్రిగ్గర్ మీదికి వేలు చాస్తే అరచెయ్యి జారేది, అరచెయ్యి కుదురుగా ఆనిస్తే వేలు అందేది కాదు. పేల్చే ముందు ప్రతిసారీ పట్టు మార్చుకునేదాన్ని. మాకు నేర్పే పెద్దావిడ, ఒకప్పుడు నర్సుగా చేసిన న్యూజీలాండ్ మనిషి, కొన్ని వారాలు చూసి, "గురి బాగానే ఉంది. ఆ పిడే నీది కాదు" అంది. చెక్కపిడి కొనుక్కుని, ఎక్కువైన చోట అరగదీసి, తక్కువైన చోట లప్పం పెట్టి, చేతికి తగ్గట్టు చేసుకోమంది.

లైసెన్సు ఇంకా రాలేదు కాబట్టి పిస్టల్ ఇంటికి తెచ్చుకోకూడదు. ఉత్త పిడి తెచ్చుకోవచ్చు. క్లబ్బులో ఒకాయన పాతది ఇచ్చాడు.

మౌంట్ ఆల్బర్ట్‌లో మా వంటింటి బల్ల మీద దాన్ని చూడగానే మా ఆయన మొహం మారిపోయింది. ఇంట్లోకి తుపాకీ రాకూడదని మొదటినుంచీ ఆయన మాట. ఇది చెక్కముక్కేనండీ అన్నాను.

"ఇవాళ చెక్క. రేపు?"

పిడిని బల్ల మీంచి తీసి సొరుగులో పెట్టాను.

రోజూ ఇంటికి రాగానే ఆకురాయితో కూర్చునేదాన్ని. కుక్కర్ విజిల్‌కీ విజిల్‌కీ మధ్య కూడా అరగదీయడం, పట్టి చూడడం, నచ్చక పక్కన పెట్టడం, మళ్ళీ తీయడం. స్టీరింగ్ పట్టుకున్నా, గరిటె పట్టుకున్నా వేళ్ళు ఆ కొలతే వెతుక్కునేవి. ఒక ఆదివారం మరీ ఎక్కువ అరగదీసేసి, విసుగొచ్చి దాన్ని బల్ల మీద పడేశాను.

పేపరు చదువుకుంటున్న మా ఆయన లేచి వచ్చి, ఓసారి పట్టుకుని చూపించమన్నారు. పట్టుకున్నాను. "అరచేతికి పసుపు రాసుకుని పట్టుకో. ఎక్కడ ఒత్తుతోందో తెలుస్తుంది" అన్నారు. బొటనవేలి మొదలు ఆనే చోట చెక్క మీద పసుపు చిక్కగా అంటింది. మిగతా చోట్ల దాదాపు లేదు. తగ్గించాల్సింది అక్కడ. నేను ఇన్నాళ్ళూ వేళ్ళ వైపు అరగదీస్తున్నాను.

నేను అరగదీస్తుంటే పిడి కదలకుండా ఆయనే పట్టుకున్నారు. మధ్యలో, తలెత్తకుండానే అడిగారు.

"లైసెన్సు కోసం పోలీసులు నన్ను కూడా అడుగుతారటగా. ఏం చెప్పమంటావు?"

"ఉన్నదే చెప్పండి."

"భయమేస్తోందని చెప్తాను."

"చెప్పండి."

అలాగే చెప్పారు. లైసెన్సు వచ్చింది, నాకంటూ ఒక పిస్టల్ కొనుక్కున్నాను, కానీ అది ఇంటికి రాలేదు. దాన్ని క్లబ్బులోనే తాళం వేసి ఉంచేలా ఇద్దరం ఒప్పుకున్నాం.

పిడి బిగించి మొదటిసారి ఎత్తినప్పుడు వేలు తనంతట తానే ట్రిగ్గర్ మీదికి చేరింది. పట్టు మార్చుకోవాల్సిన పని లేకపోయింది. ఆ రోజు గుళ్ళేవీ నడిమధ్యన తగల్లేదు, కాస్త కిందగా అన్నీ ఒక్కచోటే గుంపుగా పడ్డాయి. పెద్దావిడ, చెయ్యి కుదిరిందంటూ, ఆ కాగితం తీసి నా చేతికిచ్చింది.

ఇంటికెళ్ళి చూపించాను. మా ఆయన చాలాసేపు చూసి, కాగితం మడిచి ఇచ్చేశారు. క్లబ్బుకి మాత్రం ఇంతవరకూ రాలేదు.