రఘునాథ్ సయా అసలు కాగితాలు

రఘునాథ్ సయాకు ఒకటే జబ్బు. ఎవరేం చెప్పినా "అసలు కాగితమేది?" అంటాడు. రంగూన్‌లో మేష్టార్ని సయా అంటాం, టీచరమ్మని సయామా. నేనూ టీచరమ్మనే. ఆ మర్యాద మా ఇద్దరికీ ఉంది గాని, పిల్లలు మాత్రం ఆయన దగ్గరికే పరిగెడతారు. నాకు కుళ్ళు. దాచుకోవడం దేనికి?

సంచౌంగ్ సందులో మొహింగా, అదే చేపల పులుసు నూడుల్సు, అమ్మే అప్పలమ్మ ఒకరోజు, "సేపలు ఈ పొద్దున్నవే సయా" అంది.

"అసలు కాగితమేది?"

ఆమె బజారు చీటీ తీసిచ్చింది. ఆయన కళ్ళజోడు సవరించుకుని, "తేదీ మొన్నటిది" అన్నాడు. అయినా రెండు గిన్నెలు తిన్నాడు.

అమెరికావాళ్ళ హైస్కూలు పరీక్షకు కూర్చునే మా తెలుగు పిల్లలకు, ఇక్కడి తెలుగు సంఘం మేడమీది గదిలో పన్నెండేళ్లుగా ఇంగ్లీషు, చరిత్ర నేనే చెబుతున్నాను. అమెరికా స్వాతంత్ర్యం నా గైడులో పేజీన్నర. ఆయన తన ఇంట్లో ట్యూషన్ పెట్టి ఆ ముక్కనే మూడు వారాలు సాగదీశాడు. స్వాతంత్ర్య ప్రకటన చిత్తుప్రతి జెరాక్సు గోడకు అంటించాడు.

"మనుషులంతా సమానమని పైన రాశారు. బానిసల వ్యాపారాన్ని తిట్టిన పేరా చిత్తులో ఉంది, చివరి ప్రతిలో లేదు. ఎందుకు కొట్టేశారు?"

"సిగ్గేసిందేటి సయా?" అంది మల్లిక. నా దగ్గర రెండేళ్లు నోరు విప్పని పిల్ల. నేను కిటికీ బయట నిలబడి అంతా విన్నాను.

అంతలో ఇంకో కబురు. ఆ ప్రకటనలో ఇంగ్లండు రాజు మీద ఫిర్యాదుల పట్టిక ఉందట. అదే పద్ధతిలో, చేరిన మొదటి రోజే పిల్లల చేత పాత టీచరు మీద ఫిర్యాదులు రాయిస్తున్నాడట. పాత టీచరంటే నేనే కదా.

ఆ వారమే సంఘం సమావేశం. గది రఘునాథ్‌కే ఇచ్చేయాలన్నాడు అధ్యక్షుడు కృష్ణకుమార్. "గంగాభవాని సయామాకి ఇంగ్లీసు సరిగ్గా రాదంట. అందరిదీ అదే మాట."

"అసలు కాగితమేది?" అన్నాడు రఘునాథ్.

ఎవరి దగ్గరా లేదు. ఆయన సంచీలోంచి నా మీది ఫిర్యాదుల కట్ట తీశాడు. నా పని అయిపోయిందనుకున్నాను. ఒక్కొక్కటీ ఇంగ్లీషులో చదివి, తెలుగులో చెప్పాడు.

"పదిసార్లు పైకి చదివితే గాని ఇంటికి పంపరు. మోకాల్లోతు నీళ్ళలో కూడా వచ్చేస్తారు, మాకు ఎగ్గొట్టడానికి వీల్లేదు. కొత్త పుస్తకాలు కొనిచ్చి, పాతవని అబద్ధమాడతారు."

కట్ట బల్లమీద పెట్టాడు. "పద్దెనిమిది కాగితాలు. ఇంగ్లీషులో ఒక్క తప్పు లేదు. అన్నిటి మీదా నా దగ్గర చేరిన మొదటి రోజు తేదీ ఉంది. మరి ఈ ఇంగ్లీషు నేర్పిందెవరు?"

కృష్ణకుమార్ కట్ట తిరగేసి చూశాడు. "అలాగైతే పొద్దున్న సయామా, సాయంత్రం మీరు వాడుకోండి."

"నాకు మా ఇంటి గోడ చాలు. గది ఆవిడదే."

మెట్ల దగ్గర ఆయన్ని ఆపి, ఆ కట్టకు జెరాక్సు అడిగాను. మొత్తం కట్టే నా చేతిలో పెట్టాడు.

"అసలువి మీరుంచుకోండి. జెరాక్సు నేను తీసుకుంటాను."

పుట్టి బుద్ధెరిగాక ఆ మనిషి ఒక్క అసలు కాగితం ఎవరికీ ఇచ్చి ఎరగడు.

ఆయన మంచివాడని ఎవరైనా అంటే, నా దగ్గర ఇప్పుడు పద్దెనిమిది కాగితాల రుజువుంది. చూపించను. కుళ్ళు ఇంకా తగ్గలేదు.